కాన్పు తర్వాత కుట్లు, గాయం, ఒళ్లు కోలుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బాలింతకు నలభై రోజులు ఒళ్లు పచ్చిగా ఉంటుందని పెద్దవాళ్లు అనే మాటలో నిజం ఉంది. కాన్పు అయిన వెంటనే బొడ్డు దగ్గర చేతికి తగిలే గర్భసంచి దాదాపు కిలో బరువుంటుంది. వారానికి అది అరకిలోకి వస్తుంది, ఆరు వారాలకు 60 నుంచి 100 గ్రాములకు తగ్గిపోతుంది. కుట్లు మానడానికీ ఇంచుమించు అంతే సమయం పడుతుంది.

అయితే మన పథ్యాలు, కట్టుబాట్లు చాలావరకు ఇంట్లోనే కాన్పులు జరిగిన రోజుల్లో పుట్టినవి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. పొట్ట మీద కోత ఉన్న మనిషికి పాత పద్ధతులన్నీ యథాతథంగా పనికిరావు. కింది ప్రశ్నల్లో చాలా చోట్ల తగువంతా అక్కడే వస్తుంది.

నార్మల్ డెలివరీయే కదా, మరి కుట్లు ఎందుకు వేశారు?

బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్య ఉన్న చోటు బాగా సాగుతుంది. అక్కడ దానంతట అదే చీరుకుపోవచ్చు, లేదా అవసరమనిపించి డాక్టరు పక్కకు చిన్న కోత పెట్టి ఉండవచ్చు. చీలికను నాలుగు స్థాయిల్లో లెక్కిస్తారు. మొదటిది చర్మం వరకే. రెండోది కండ దాకా వెళ్తుంది, డాక్టరు పెట్టే కోత కూడా సాధారణంగా ఈ లోతే. మూడోది మలద్వారాన్ని బిగించే కండరం వరకు, నాలుగోది మలాశయం లోపలి పొర వరకు వెళ్తుంది. మొదటి రెండూ ఇంటి జాగ్రత్తలతో మానిపోతాయి. మూడు, నాలుగు స్థాయిలైతే యాంటీబయాటిక్, విరేచనం మెత్తబడే మందు, ఫిజియోథెరపీ, 6 నుంచి 12 వారాల మధ్య మళ్లీ పరీక్ష తప్పనిసరి. మీది ఏ స్థాయో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. అర్థం కాకపోతే ఇంటికి వచ్చే ముందే అడగండి.

ఆ కుట్లు విప్పించుకోవాలా?

అక్కర్లేదు. కింద వేసేది కరిగిపోయే దారం. రెండు మూడు వారాల్లో చిన్న చిన్న ముక్కలు ప్యాడ్ మీద కనపడితే కుట్లు ఊడిపోయాయని కంగారుపడకండి, దారం కరిగి రాలుతోంది. గాయం తెరుచుకుని లోపలి ఎర్రటి కండ కనపడుతుంటే మాత్రం చూపించుకోవాలి. ఒక్కోసారి మళ్లీ కుట్టకుండా శుభ్రంగా ఉంచి లోపల్నుంచే మాననిస్తారు. ఆలస్యమైనా అది సరైన పద్ధతే.

కింద కుట్లున్న చోట రోజూ ఎలా శుభ్రం చేసుకోవాలి?

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ ఒక్క పని ఎక్కువమంది వదిలేస్తారు, మిగతావన్నీ చేస్తారు. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లు ముందు నుంచి వెనక్కి పోసుకోండి. విరేచనం తర్వాత వెనక భాగాన్ని విడిగా, చివర్లో కడగండి. వెనక నుంచి ముందుకు చెయ్యి తెస్తే మలంలోని క్రిములు కుట్ల మీదికీ మూత్రద్వారం దగ్గరికీ చేరతాయి. ఇందుకు ప్రత్యేకంగా పిచికారీ సీసా లేకపోయినా ఇబ్బంది లేదు. ఖాళీ నీళ్ల సీసా మూతకు నాలుగైదు చిల్లులు పెట్టి, సీసా నొక్కితే అదే పని జరుగుతుంది. హెల్త్ ఫాసెట్‌ను మాత్రం పూర్తి ధారలో కుట్ల మీద కొట్టకండి.

తర్వాత మెత్తటి కాటన్ గుడ్డతో అద్దండి, రుద్దకండి. అప్పటికే వాడేసి మూలన వేసిన చీరపీలికను ఇందుకు వాడకండి, రోజూ ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ ఉండాలి. ప్యాడ్ తడిసినా తడవకపోయినా నాలుగు గంటలకోసారి మార్చండి. కాన్పు తర్వాత ఆరు వారాలు లోపల పెట్టుకునే టాంపన్లు, నెలసరి కప్పులు వద్దు.

రోజుకు ఒకటి రెండుసార్లు పది నిమిషాలు ప్యాడ్ తీసేసి, కింద పాత గుడ్డ పరుచుకుని, మోకాళ్లు మడిచి పడుకుంటే గాలి తగులుతుంది. ఉమ్మడి ఇంట్లో ఇందుకు తలుపు వేసుకునే వీలు కల్పించడం ఇంట్లోవాళ్ల పని.

వాపు, సలుపు తగ్గడానికి ఐసా, వేడి నీళ్లా?

మొదటి రెండు మూడు రోజులు ఐస్, ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లు. ఐస్ ముక్కల్ని నేరుగా పెట్టకుండా శుభ్రమైన గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, కనీసం గంట విరామం ఇవ్వండి. బాలింతకు చల్లదనం తగిలితే వాతం చేస్తుందని ఇంట్లో అభ్యంతరం చెబుతారు. ఇది వాపున్న చోట మాత్రమే, కాసేపు పెట్టేది. మొదటి రోజు వాపు ఎంత తగ్గితే కూర్చోవడం అంత తేలికవుతుంది.

ఆ తర్వాత వెడల్పాటి టబ్బులో మోచేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లు నాలుగు అంగుళాలు పోసి, అందులో 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు కూర్చోవచ్చు. ఉత్త నీళ్లు చాలు. ఉప్పు వేసినా పెద్దగా ఉపయోగమూ లేదు, నష్టమూ లేదు. డెట్టాల్ వద్దు, అది పచ్చి చర్మాన్ని మండిస్తుంది. టబ్బు బిడ్డ బట్టలు నానబెట్టేది కాకుండా వేరేది పెట్టుకోండి.

నడిమధ్య చిల్లు ఉండే రబ్బరు రింగుల మీద గంటల తరబడి కూర్చోవద్దు. చుట్టూ ఒత్తిడి పడి మధ్యలోకి వాపు దిగుతుంది. పక్కకు ఒరిగి పడుకుని పాలివ్వడం అంతకంటే సుఖం.

పసుపు, వేపాకు ముద్ద, పొడి మందు, బెటాడిన్: ఏది రాయాలి?

డాక్టరు రాసినది తప్ప ఏదీ వద్దు. పసుపు ముద్ద, నూనె, వేపాకు నూరి పెట్టడం వల్ల తడి లోపలే చిక్కుకుంటుంది, నలకలు కుట్ల మధ్య ఇరుక్కుంటాయి. కడగబోయినప్పుడు అవి ఊడక కుట్టును లాగుతాయి. మందుల షాపులో ఇచ్చే యాంటీబయాటిక్ పొడులతోనూ ఇదే బాధ: చెమ్మ మీద చల్లితే పెచ్చులా గట్టిపడి దాని కింద చీము చేరుతుంది, పైకి మాత్రం పొడిగా కనిపిస్తుంది. ఇక బెటాడిన్‌ను యోని దగ్గర రోజుల తరబడి వాడితే అందులోని అయోడిన్ ఒంట్లోకి ఇంకి పాలలోకి చేరుతుంది. బిడ్డ థైరాయిడ్ మీద ప్రభావం పడవచ్చు కాబట్టి, రాసిచ్చిన రోజులకు మించి కొనసాగించకండి.

విరేచనానికి వెళ్తే కుట్లు తెగిపోతాయేమోనని భయం. ఆపుకోవచ్చా?

ఆపుకోవడమే అసలు సమస్య. రెండు రోజులు ఆపితే పెద్దపేగు నీళ్లు పీల్చేసి మలం గట్టిపడుతుంది, అప్పుడు ముక్కాల్సి వస్తుంది. కుట్లకు మెత్తటి విరేచనం వల్ల ఏమీ కాదు, ముక్కడం వల్లే నొప్పి.

మూడో రోజు దాకా కాకపోతే లాక్టులోజ్ సిరప్ 15 మి.లీ. చొప్పున రోజుకు ఒకటి రెండుసార్లు, లేదా ఇసబ్‌గోల్ ఒకటి రెండు టీ స్పూన్లు పూర్తి గ్లాసు నీళ్లలో కలిపి తీసుకోవచ్చు. పాలిచ్చే తల్లికి రెండూ ఇబ్బంది లేనివే. ఇసబ్‌గోల్ వేసుకుని నీళ్లు తక్కువ తాగితే మలబద్ధకం ఇంకా పెరుగుతుందని గుర్తుంచుకోండి. కూర్చున్నప్పుడు శుభ్రమైన ప్యాడ్‌ను మడిచి కుట్ల మీద చేత్తో మెల్లగా ఆనించి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. వెస్టర్న్ కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకోండి. మూడు, నాలుగు స్థాయి చీలిక ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఎనిమా పెట్టించుకోకూడదు, మలద్వారంలో పెట్టే బిళ్ల వాడకూడదు.

మూత్రం పోసేటప్పుడు మంట. మామూలేనా?

మొదటి రెండు మూడు రోజులు పచ్చి చర్మం మీద మూత్రం తగిలి మండుతుంది. పోస్తూనే గోరువెచ్చని నీళ్లు ధారగా పోసుకుంటే చాలావరకు తగ్గుతుంది. కాన్పు అయిన, లేదా మూత్రపు గొట్టం తీసిన ఆరు గంటల్లోపు ఒకసారైనా మూత్రం రావాలి. రాకపోతే, లేదా చుక్కలు చుక్కలుగా వస్తూ పొత్తికడుపు ఉబ్బితే వెంటనే నర్సుకు చెప్పండి. నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు, దాంతో రక్తస్రావం ఎక్కువవుతుంది. మంటతో పాటు చలిజ్వరం, నడుం పక్కన నొప్పి ఉంటే మూత్రపరీక్ష చేయించాలి.

సిజేరియన్‌లో పైన కనపడే కుట్టు ఒకటే. లోపల ఎన్ని ఉంటాయి?

చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద గట్టి పొర, తర్వాత పొట్ట లోపలి పలుచని పొర, చివరికి గర్భసంచి. పొట్ట కండరాలను చాలావరకు కొయ్యరు, మధ్యలో రెండు పక్కలకూ విడదీస్తారు. గర్భసంచినీ గట్టి పొరనూ తప్పకుండా కుడతారు. పైచర్మం వారంలో అతుక్కున్నట్టు కనపడుతుంది కానీ లోపలి గట్టి పొరకు బలం రావడానికి వారాలు పడుతుంది. పదో రోజుకే బిందె ఎత్తేవాళ్లు పొరబడేది ఇక్కడే.

పైన కరిగే దారమైతే విప్పేది లేదు. నైలాన్ దారం, పిన్నులు అయితే సాధారణంగా 5 నుంచి 8 రోజుల మధ్య తీస్తారు. లావుగా ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకొన్ని రోజులు ఆగవచ్చు.

కట్టు ఎప్పుడు తీయాలి? స్నానం ఎప్పుడు?

మామూలు గాజ్ గుడ్డ కట్టయితే ఒకటి రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలోనే తీస్తారు. నీళ్లు పట్టని అతుకుడు కట్టయితే డాక్టరు చెప్పినన్ని రోజులు ఉంచుకుని దాని మీదే స్నానం చేయవచ్చు. కట్టు అంచు లేచి లోపలికి నీళ్లు వెళ్తే అది ఉండీ లాభం లేదు, మార్పించండి.

కట్టు తీశాక గాయం మీద నుంచి నీళ్లు జారనివ్వండి, సబ్బు నురగ జారినా ఫరవాలేదు. పీచు, సున్నిపిండి మాత్రం ఆ దరిదాపులకు రానీయకండి. స్నానం కాగానే శుభ్రమైన గుడ్డతో అద్ది, ఐదు నిమిషాలు గాలికి ఆరనిచ్చి, అప్పుడు చీర కట్టుకోండి. లంగా బొందు, ప్యాంటీ ఎలాస్టిక్ సరిగ్గా కుట్టు మీద పడకుండా బొడ్డు దాకా వచ్చేవి వేసుకోండి.

పొట్ట మడత కుట్టు మీదికి వాలి ఉండేవాళ్లకు ఇన్ఫెక్షన్ ఎక్కువగా మొదలయ్యేది ఆ మడతలోనే. వేసవిలో గంటకే అక్కడ చెమట పడుతుంది. రోజుకు మూడుసార్లు వెల్లకిలా పడుకుని, మడతను చేత్తో పైకెత్తి, గాలి తగలనిచ్చి, అందులో మడిచిన పొడి కాటన్ గుడ్డ పెట్టండి. తడవగానే మార్చండి. పౌడర్ చల్లకండి. కుట్టు మీకు కనపడదు కాబట్టి రోజూ ఒకే వేళకు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెడితే ఎరుపు వ్యాపిస్తోందో తగ్గుతోందో తెలిసిపోతుంది.

ఆపరేషన్ కుట్టు నుంచి నీళ్లలాంటివి కారుతున్నాయి. చీమేనా?

రంగు, వాసన, ఎంత వస్తోంది, ఎన్నో రోజు అన్నవి చూడాలి. పలుచగా, గడ్డిరంగులో, వాసన లేకుండా కొద్దిగా వస్తే కొవ్వు పొరలో చేరిన నీరు కావచ్చు. అయినా చూపించాలి, తొందర లేదు. కుట్టు కింద గట్టిగా ఉబ్బి, ముదురు రక్తం కారితే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. చిక్కగా, పసుపు లేదా ఆకుపచ్చగా, దుర్వాసనతో వస్తే చీము. ఇది ఎక్కువగా నాలుగో రోజు నుంచి పదో రోజు మధ్య బయటపడుతుంది, అంటే ఇంటికి వచ్చేశాక. కుట్టు చుట్టూ ఎరుపు, వేడి, గట్టిదనం, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం: వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్లండి. ఇంట్లో పిండకండి.

అరుదుగా, దగ్గినప్పుడో లేచినప్పుడో ఏదో తెగినట్టై, గులాబీ రంగు నీరు ఒక్కసారిగా బట్టలు తడిసేలా వస్తుంది. లోపలి గట్టి పొర విడిపోయిన గుర్తు అది. పడుకోబెట్టి, శుభ్రమైన తడిగుడ్డ కప్పి, ఏమీ తినిపించకుండా 108కి ఫోన్ చేయండి.

కుట్టు పైభాగం మొద్దుబారిపోయింది, ఒక్కోసారి దురద. ఎందుకు?

కోతలో చర్మపు సన్నటి నరాలు తెగుతాయి. స్పర్శ నెలల మీద తిరిగి వస్తుంది, కొందరికి కొద్ది చోటు అలాగే ఉండిపోతుంది. దురద మానుతున్న లక్షణం. ఆరు వారాల తర్వాత, పూర్తిగా మూసుకున్న మచ్చ మీద వేలితో గుండ్రంగా రోజుకు ఐదు నిమిషాలు మర్దన చేస్తే చర్మం లోపలికి అతుక్కుపోకుండా ఉంటుంది.

ఎప్పుడు లేచి నడవాలి? నడిస్తే కుట్లు లాగవా?

సిజేరియన్ అయినా మత్తు దిగాక, నర్సు సాయంతో అదే రోజు లేదా మర్నాడు నడిపిస్తారు. పడుకునే ఉంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కాన్పు తర్వాత ఆరు వారాల పాటు ఆ ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. మంచం మీద ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు పాదాలను ముందుకూ వెనక్కూ ఆడించండి.

వెల్లకిలా ఉన్నదాన్ని ఉన్నట్టే లేవబోతే లాగుతుంది. మోకాళ్లు మడవండి, ఒంటినంతా ఒకేసారి పక్కకు తిప్పండి, కాళ్లు మంచం కిందికి జార్చండి, మోచెయ్యి ఆనించి, రెండో చేత్తో పరుపును నెట్టి లేవండి. దగ్గు, తుమ్ము, నవ్వు వస్తే చిన్న దిండును కుట్టు మీద అదిమి పట్టుకోండి. నిటారుగా నడవండి. వంగి నడిస్తే కుట్టుకు మేలేమీ లేదు, వెన్నుకు నొప్పి మిగులుతుంది.

పప్పు తింటే కుట్లు చీము పడతాయని అత్తగారు పెట్టడం లేదు. నిజమేనా?

కాదు. చీము క్రిముల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. వంకాయ, గుడ్డు, చేప విషయంలోనూ అంతే. తెగిన చర్మం, కండ మళ్లీ అతకడానికి ఒంటికి కావలసింది మాంసకృత్తులు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 60 గ్రాములకు పైగా కావాలి. వెల్లుల్లి కారం, నెయ్యి వేసిన అన్నంతో అది సగం కూడా రాదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో దాదాపు 7, గ్లాసు పాలలో 6 నుంచి 7 గ్రాములు ఉంటాయి. లెక్క వేసి చూస్తే పప్పు, గుడ్డు, పాలు, పెరుగు లేదా చేప రోజూ ఉండాల్సిందేనని తెలుస్తుంది.

పథ్యాన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. మునగాకు, మెంతికూర, బీరకాయ, పాలకూర మంచివే. శొంఠి, వాము తగు మోతాదులో ఇబ్బంది లేదు. పోట్లాట ఇష్టం లేనివాళ్లు పెసరపప్పుతో మొదలుపెట్టవచ్చు, దానికి పెద్దవాళ్ల అభ్యంతరం సాధారణంగా తక్కువ. జామ, బత్తాయి, ఉసిరి లాంటివి విటమిన్ సి కోసం కావాలి, ‘జలుబు చేస్తుంది’ అని మానేయకండి. కాన్పుకు ముందు షుగర్ ఉన్నవాళ్లు బెల్లం, నెయ్యి దట్టించిన కాయం ఉండలు లెక్కలేకుండా తినకూడదు. షుగర్ ఎక్కువగా ఉంటే గాయం మానదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్ర (60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్) రోజుకు ఒకటి 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం 500 మి.గ్రా. రోజుకు రెండు, అదీ ఆరు నెలలు. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ వేసుకున్నాక టీ కూడా వెంటనే వద్దు.

నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందా? కుట్లకు నీరు పడుతుందా?

రెండూ జరగవు. పొట్ట జారడానికి కారణం సాగిన కండరాలు. పాలిచ్చేటప్పుడు రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు కావాలి. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగితే లెక్క దానంతట అదే సరిపోతుంది. మూత్రం ముదురు పసుపులో ఉంటే చాలలేదని అర్థం.

వేడి నీళ్ల స్నానం, సాంబ్రాణి, కుంపటి సంగతేమిటి?

నడుం మీద, కాళ్ల మీద వేడి నీళ్లు పోయించుకుంటే హాయే. సిజేరియన్ కుట్టు మీద మాత్రం మరిగే నీళ్లు చెంబుతో విసిరి కొట్టకూడదు. అక్కడ స్పర్శ తక్కువగా ఉంటుంది కాబట్టి కాలినా తెలియదు. నూనె మర్దన కుట్టుకు దూరంగా, కాళ్లకు, వీపుకు చేయించుకోండి. కాలి పిక్క ఒకదానికే వాపు, నొప్పి ఉంటే మర్దన ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

మంచం కింద నిప్పుల కుంపటి వద్దు. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణం మీదికి వస్తుంది. సాంబ్రాణి పొగ కుట్లను ‘ఆరబెట్టదు’, బిడ్డ ఊపిరితిత్తులకు మాత్రం తగులుతుంది. చెవుల్లో దూది పెట్టుకుంటే నష్టం లేదు, పెట్టుకోండి.

నడికట్టు కడితే పొట్ట తగ్గుతుందా?

తగ్గదు. కానీ సిజేరియన్ తర్వాత లేచి తిరిగేటప్పుడు పొట్టకు ఆసరాగా, నొప్పి తక్కువగా ఉంటుంది. రెండు వేళ్లు సులువుగా దూరేంత వదులుగా, మెలకువగా ఉన్నప్పుడే పెట్టుకోండి, నిద్రలో తీసేయండి. బిగించి కడితే ఒత్తిడంతా కిందికి, గర్భసంచినీ మూత్రాశయాన్నీ కింద నుంచి మోసే కటి కండరాల మీదికి దిగుతుంది. దగ్గితే మూత్రం జారే సమస్య ఉన్నవాళ్లకు అది ఇంకా పెరుగుతుంది. చెమటకు తడిసిన బెల్టు కుట్టు మీద ఉంచకండి.

రక్తస్రావం ఎన్నాళ్లు? ఎంతయితే ఎక్కువ?

సిజేరియన్ అయినా రక్తం పోతుంది. మాయ ఊడిన చోటు కూడా లోపల ఒక గాయమే. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, పది రోజుల దాకా గోధుమ రంగులో, తర్వాత తెల్లగా, పసుపుగా మారుతూ నాలుగు నుంచి ఆరు వారాలు ఉండవచ్చు. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెట్టినట్టై కొంచెం ఎక్కువ పోతుంది. ఆ నొప్పి గర్భసంచి ముడుచుకుంటున్నందువల్లే, రెండో మూడో కాన్పులో ఎక్కువగా తెలుస్తుంది. ఒకటి రెండు వారాల మధ్య ఒక పూట ఎర్రగా కనపడి తగ్గిపోతే భయం లేదు. పని ఎక్కువైన రోజు మళ్లీ ఎర్రబడితే ఆ రోజుకు పడుకోండి.

గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసి, రెండో గంటా అలాగే అయితే, లేదా నిమ్మకాయంత గడ్డలు పడితే, కళ్లు తిరిగితే ఆగవద్దు. దుర్వాసన, జ్వరం ఉంటే గర్భసంచిలో ఇన్ఫెక్షన్ అనుకోవాలి.

నొప్పి మాత్రలు వేసుకుంటే పాలలోకి వెళ్లవా?

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, రెండూ వాడవచ్చు. పారాసిటమాల్ 500 లేదా 650 మి.గ్రా. ఆరు గంటలకోసారి, ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. తిన్న తర్వాత ఎనిమిది గంటలకోసారి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఎక్కువ బీపీ ఉన్నవాళ్లు ఐబుప్రోఫెన్ డాక్టరును అడిగే వాడాలి. మందుల షాపులో ఇచ్చే జంట మాత్రల్లో ఇప్పటికే పారాసిటమాల్ ఉంటుంది. దాని మీద విడిగా ఇంకొకటి వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది, అట్ట వెనక చదవండి. ట్రమడాల్, కోడీన్ బిడ్డను మత్తుగా చేసి ఊపిరి మందగింపజేస్తాయి, సొంతంగా వద్దు. మొదటి వారం నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు: నొప్పితో ఉన్న మనిషి నడవదు, లోతుగా ఊపిరి తీసుకోదు, పాలివ్వడానికి సరిగ్గా కూర్చోలేదు.

వెన్నులో మత్తు సూది వల్లే జీవితాంతం నడుంనొప్పి అంటారు కదా?

సూది పడిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు. నెలల తరబడి నొప్పికి కారణాలు వేరు: సాగిన పొట్ట కండరాలు, వంగి పాలివ్వడం, నేల మీద నుంచి బిడ్డను ఎత్తడం. పాలిచ్చేటప్పుడు ఒళ్లో దిండు పెట్టి బిడ్డను రొమ్ము ఎత్తుకు తెచ్చుకోండి, మీరు బిడ్డ మీదికి వంగకండి. కూర్చుంటే తీవ్రమై పడుకుంటే తగ్గే తలనొప్పి మాత్రం ఆ సూది వల్ల రావచ్చు. మత్తు డాక్టరుకు చెప్పండి, వైద్యం ఉంది. ఎలా పడుకున్నా తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్క పైభాగంలో నొప్పి ఉంటే వెంటనే బీపీ చూపించాలి. గర్భంలో బీపీ లేనివాళ్లకూ కాన్పు తర్వాత రావచ్చు, మూర్ఛలూ రావచ్చు.

వ్యాయామం, బరువులు ఎప్పటి నుంచి?

కటి కండరాల వ్యాయామం మూత్రపు గొట్టం తీసి, మూత్రం మామూలుగా వస్తున్నప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు, కుట్లున్నా సరే. గ్యాస్ బయటికి పోకుండా బిగబట్టినట్టు, మూత్రం ఆపినట్టు రెండు ద్వారాలనూ కలిపి లోపలికి, పైకి లాగండి. మూడు నుంచి ఐదు సెకన్లు పట్టి, అంతే సేపు వదలండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మెల్లగా పది సెకన్లకు పెంచండి. ఊపిరి బిగబట్టినా, పిరుదులు బిగించినా తప్పు చేస్తున్నట్టే. నిజంగా మూత్రం పోస్తూ ఆపడం అలవాటు చేసుకోకండి.

మొదటి వారం ఇంట్లో ఐదు పది నిమిషాల నడక, ఆరో వారానికి అరగంట. పరుగు, గెంతులు మూడు నెలల తర్వాత. ఎనిమిది వారాలకు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తి బొడ్డు దగ్గర వేళ్లతో నొక్కి చూడండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు ఉంటే ఫిజియోథెరపిస్టును కలిసే దాకా పొట్ట బస్కీలు తీయవద్దు.

సిజేరియన్ తర్వాత ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనది ఎత్తకూడదు. నిండు బిందె పది కిలోలు దాటుతుంది. వంటగ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్ఫై కిలోల దగ్గర ఉంటుంది. పెద్దబిడ్డ ఎత్తుకోమని ఏడిస్తే కూర్చుని ఒళ్లోకి ఎక్కించుకోండి.

కాన్పుతో పాటు కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ కూడా అయింది. జాగ్రత్తలు వేరా?

సిజేరియన్‌లోనే చేస్తే అదనపు గాయం లేదు. నార్మల్ తర్వాత చేస్తే బొడ్డు కింద చిన్న కోత ఉంటుంది. బొడ్డులో చెమ్మ నిలవకుండా చూసుకోండి, మిగతావన్నీ పైవే.

చనుమొనలు పగిలి రక్తం వస్తోంది. పాలు ఆపాలా?

వద్దు. బిడ్డ చనుమొన ఒక్కటే పట్టుకుంటోందన్న మాట, నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. బిడ్డ నోరు పెద్దగా తెరిచినప్పుడు గడ్డం ముందు ఆనేలా దగ్గరికి తెచ్చుకోండి. పట్టు తప్పితే చిటికెనవేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పెట్టండి, లాగకండి. పాలిచ్చాక చివరి పాలచుక్కలు రాసి ఆరనివ్వండి. సబ్బు వద్దు. రొమ్ములో ఒకచోట ఎర్రగా, గట్టిగా, జ్వరంతో ఉంటే పాలివ్వడం కొనసాగిస్తూనే డాక్టరును కలవండి.

ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఏం చూపించాలి?

ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. సిజేరియన్ అయితే 7వ రోజు నుంచి మొదలవుతుంది. బిడ్డను తూచి వెళ్లిపోనివ్వకండి. జ్వరం, రక్తస్రావం, కుట్లు, బీపీ అడగమనండి. డిశ్చార్జిలో రాసిన పరీక్షలకు, ఆరు వారాల చెకప్‌కు పుట్టింట్లో ఉన్నా సరే వెళ్లాలి. కాలి పిక్క ఒకవైపు వాపు, ఊపిరి ఆడకపోవడం, ఛాతీనొప్పి, మూర్ఛ, ఆగని రక్తం: వీటికి ఆశా కోసం చూడకుండా 108.

భార్యాభర్తలు ఎప్పుడు కలవొచ్చు? మళ్లీ గర్భం ఎప్పుడు?

రక్తస్రావం ఆగి, కుట్లు మాని, మీకు ఇష్టమయ్యాకే. చాలామందికి ఆరు వారాలు పడుతుంది. పాలిచ్చేటప్పుడు యోని పొడిగా ఉండటం సహజం, నీటి ఆధారిత జెల్ వాడండి, కొబ్బరి నూనె కండోమ్‌ను పాడుచేస్తుంది. ఆరు వారాల తర్వాత కూడా కుట్ల దగ్గర పోటు ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, దానికి వైద్యం ఉంది. పాలివ్వనివాళ్లకు నాలుగో వారంలోనే అండం విడుదల కావచ్చు, అంటే నెలసరి రాకముందే గర్భం నిలవచ్చు. గర్భం రాకుండా వాడే కాపర్-టీ, అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రల గురించి చెకప్‌లోనే అడగండి.

తర్వాతి గర్భానికి కనీసం రెండేళ్ల ఎడం మంచిది. సిజేరియన్ అయినవాళ్లు డిశ్చార్జి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకోండి, ఫోటో కూడా తీసి ఉంచండి. గర్భసంచి మీద కోత అడ్డంగా పెట్టారా, నిలువుగానా అన్నది అందులోనే ఉంటుంది. పైచర్మం మీద మచ్చ అడ్డంగా ఉన్నా లోపలిది వేరుగా ఉండవచ్చు. మరోసారి నార్మల్‌కు ప్రయత్నించవచ్చా లేదా అన్నది డాక్టరు ఆ కాగితం చూసే చెబుతారు.